మూడో చెవి

మోటారు తన దిమ్మె మీంచి బెత్తెడు లేచింది. టప్పుమని ఒక చప్పుడైంది. క్రేను ఆగిపోయింది. ఇరవై నాలుగు టన్నుల ఇనుము లేచిన దారినే మెల్లగా దిగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ తన చోట కూర్చుంది. పోయిన వారం మనం పంపుహౌసులో వదిలి వచ్చినవాళ్ళంతా ఇంకా ఆ చప్పుడు దగ్గరే ఉన్నారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అయినా చప్పుడు విన్న పదిమందీ తల తిప్పి చూసింది మోటారు వైపు కాదు, వెల్డర్ ఇస్రాయేలు మొహంలోకి.

ఎందుకంటే ఆ మోటారుకు నాలుగు చెవులు. బరువైన యంత్రాన్ని క్రేను కొక్కేనికి తగిలించడానికి దాని ఒంటికి అతికించిన మందపాటి ఇనుప పలకలవి. నడుమ గుండ్రటి బెజ్జం ఉంటుంది. కాగితాల మీద లిఫ్టింగ్ లగ్గులంటారు. పంపుహౌసులో మాత్రం అందరికీ అవి చెవులే. రెండేళ్ళ కింద మోటారు ట్రైలర్ మీద వచ్చేటప్పుడు గేటు స్తంభానికి గుద్దుకుని మూడో చెవి వంగిపోయింది. దాన్ని కోసేసి కొత్త పలక అతికింది ఇస్రాయేలు. మిగతా మూడూ కంపెనీలో పుట్టినప్పుడే వచ్చినవి. మరి చప్పుడు ఏ చెవిదై ఉంటుందని జనం అనుకుంటారు?

మానవపాడు దగ్గర కూలి ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే బొంబాయి పోయి, ఓడలు కట్టేచోట పద్నాలుగేళ్ళు మంట పట్టుకుని పని నేర్చినవాడు ఇస్రాయేలు. తిరిగి వచ్చి ఆత్మకూరు పక్కన, కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఎత్తిపోతల పంపుహౌసులో కుదురుకున్నాడు. భార్య లలితమ్మ కూడా ఇక్కడే ఊడ్చి తుడిచే పనిలో ఉంది. మూటాముల్లె సర్దుకుని బస్సెక్కే బతుకు తప్పిందని ఇద్దరూ మురిసిపోయారు. ఇప్పుడు అతుకు విరిగిందని తేలితే ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఇస్రాయేలు అతికితే ఇక తిరిగి చూడక్కరలేదని ట్రాక్టర్లవాళ్ళు చెప్పుకునే ఆ పేరు పోవడం ఇంకో ఎత్తు. రెండోదే అతన్ని ఆరు రోజులుగా అన్నం తిననివ్వడం లేదు.

ఆ ఆరో రోజు ఉదయం వనపర్తి బస్సు దిగి, రెండు పెట్టెలు మోసుకుంటూ పరీక్ష చేసే ఇంజనీరు వచ్చింది. పేరు ఉమ. గద్వాల నేతగాడు బాలకిష్టయ్య కూతురు. ముప్పై కూడా నిండలేదు. సైట్ ఇన్‌ఛార్జి మహేశ్వర్ ఏదో లారీ నిండా యంత్రాలు దిగుతాయని ఎదురుచూస్తున్నాడు కాబోలు, ఆ రెండు పెట్టెలు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"గింతేనా మేడమ్? నేను పెద్ద టెస్టింగ్ అనుకున్న."

"సూసేది పెద్దదే సార్, సామాను చిన్నది," అంటూ ఉమ మోటారు చుట్టూ తిరిగింది. గేటు వైపు నుంచి మొదలుపెట్టి చెవుల మీద చాక్‌పీసుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసింది. నాలుగూ పసుపు పచ్చ రంగులో మెరుస్తున్నాయి. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు పంపుహౌసులో రంగు పూయని ఇనుము ముక్క ఉండదు. కొత్త చెవీ పాత చెవీ తేడా తెలియకుండా అన్నిటికీ ఒకటే రంగు.

తరువాత ఆమె పాత రిజిస్టరు తెరిచింది. మూడో చెవి అతికిన రోజు పేజీ తీసి, వేలుతో గీత వెంట చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"రాడ్లను ఓవెన్‌లో మూడు వందల డిగ్రీల వద్ద రెండు గంటలు ఆరబెట్టడమైనది," అని పైకి చదివింది. "ఓవెన్ ఏది సార్?"

మహేశ్వర్ నీళ్ళు నమిలాడు. "అదీ... వేరే సైటుకు పోయింది."

"అప్పుడు ఉండెనా?"

"ఉండే... ఉండే ఉంటది."

ఉమ రిజిస్టరు మూసి ఇస్రాయేలు వైపు తిరిగింది. "అన్నా, అతికింది నువ్వు. రాడ్లు ఏడ ఆరబెట్టినవ్?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఇస్రాయేలు రెండేళ్ళుగా భయపడుతూనే ఉన్నాడు. ఎవరూ అడగకపోవడంతో అప్పుడప్పుడు మరిచిపోయినట్టు నటించాడు కూడా. వెల్డింగ్ రాడ్డుకు చెమ్మ తగిలితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. అతుకు పైకి నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది. లోపల మాత్రం ఒకరోజుకో వారానికో వెంట్రుకవాసి పగులు పుడుతుంది. బయటికి కనబడదు. బరువు మోసిన రోజే తన సంగతి చెబుతుంది.

ఓవెన్‌లోనే అంటే సరిపోయేది. రాసి ఉంది, కింద మహేశ్వర్ సంతకం కూడా ఉంది. మహేశ్వర్ కళ్ళతో ఆ మాటే చెప్పమంటున్నాడు. ఏటి వైపు చిన్న తలుపు దగ్గర చీపురు పట్టుకుని లలితమ్మ నిలబడి ఉంది. ఆమె మొహం తెల్లబోయి ఉంది.

"ఓవెన్ లేకుండె మేడమ్," అన్నాడు ఇస్రాయేలు.

మహేశ్వర్ ఒంటికాలి మీద లేచాడు. "ఏం మాట్లాడుతున్నవ్ రా! తెలిసే మాట్లాడుతున్నవా?"

"తెలిసే సార్. ఆ దినం వాన దంచికొడుతుండె. రాడ్ల డబ్బాలల్లకు నీళ్ళు పోయినయ్. తెల్లారి మోటారు దించాలె, నువ్వే తొందర పెడితివి. ఓవెన్ అడిగితే ఏడ తేవాలె అంటివి. నేను రాడ్లు తువ్వాలలో సుట్టుకొని ఇంటికి పోయిన. రొట్టెల పెంక మీద ఆరబెట్టిన."

పంపుహౌసులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకరు వాడి డొక్కలో పొడిచారు.

"రొట్టెల పెంకనా?" అంది ఉమ.

"జొన్నరొట్టెల పెంకే. మా లలితమ్మ రెండు గంటలు పత్తికట్టె మంట ఆరకుండ పెట్టింది. పిండి చల్లితే రెప్పపాటులో నల్లగైతుండె, అంత కాక. రాడ్లు తిప్పుతనే ఉన్న. వేడి సల్లారకుండ టిఫిన్ డబ్బాల పెట్టుకొని ఉరికొచ్చిన. ఆ పూట మాకు రొట్టెలు లేవు, బొరుగులు తిన్నం. తప్పే మేడమ్. పెంక ఎన్ని డిగ్రీలున్నదో నాకెట్ల తెలుస్తది? ఆ చప్పుడు నా అతుకుదైతే నేనే పోత, ఎవ్వరూ పొమ్మనక్కర్లేదు."

ఉమ తిట్టలేదు, ఓదార్చలేదు. రిజిస్టరును మహేశ్వర్ చేతిలో పెట్టింది.

"పెంక కాక నాకు తెల్వదు సార్. కానీ గీ రాత అబద్ధమని మాత్రం తెలిసింది. నేను మాత్రం ఏది జరిగిందో అదే రాస్త. పేర్లతో సహా." తరువాత ఇస్రాయేలుతో నెమ్మదిగా అన్నది: "మా నాయిన చీర మడత పెట్టేటప్పుడు పట్టు అంచూ నూలు బట్టా కలిసిన కాడ రెండు చేతులతో గుంజి చూస్తడు. నేసినోడు ఎవరని అడగడు. అతుకునే అడుగుదాం పా అన్నా."

గ్రైండర్ పట్టుకుని మూడో చెవి మీద రంగంతా ఆమే తీసింది. కింద అతుకు బయటపడింది, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమంగా పరుచుకున్న అలలు. నవ్వినవాడు కూడా దగ్గరికి వచ్చి చూశాడు. ఉమ దాన్ని శుభ్రంగా తుడిచి, ఒక డబ్బాలోంచి ఎర్రటి రంగునీళ్ళు చిమ్మింది.

"పగులుంటే గీ ఎరుపు అందులకు దిగుతది. పావుగంట ఆగి పైన తుడిచేస్తం. తర్వాత తెల్ల పొడి కొడితే లోపలికి దిగిన ఎరుపు పైకి గీత లెక్క తేలుతది. లేకుంటే తెల్లగనే ఉంటది."

పావుగంట! ఇస్రాయేలు జీవితంలో అంత పొడుగు పావుగంట మరొకటి లేదు. ఇనుప మెట్టు మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రభువా అన్న మాట దగ్గరే నాలుక మడత పడిపోయింది. అడగడానికి ఏముంది, అతికింది ఎప్పుడో అయిపోయింది. మహేశ్వర్ ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాలువ చివరి ఊళ్ళ రైతులు వేరుశనగకు నీళ్ళెప్పుడని గంటకోసారి అడుగుతున్నారు. వాళ్ళకు చెవుల సంగతి ఎలా చెబుతాడు పాపం!

ఉమ గుడ్డతో ఎరుపంతా తుడిచి, తెల్ల పొడి చిమ్మింది. అందరూ మెడలు చాచారు.

తెల్లగానే ఉంది. నిమిషం గడిచింది. రెండు, ఐదు, పది. సున్నం వేసిన గోడలా తెల్లగా, ఒక్క ఎర్ర చుక్క కూడా లేకుండా అలాగే ఉండిపోయింది.

"ఆగుండ్రి, ఇది పై సంగతే," అని రెండో పెట్టె తీసింది ఉమ. అతుకు పక్కన జిగురు రాసి, ఇనుము లోపలికి శబ్దం పంపి పగులు పట్టే అగ్గిపెట్టెంత ముక్కను దాని మీద మెల్లగా జరుపుతూ చిన్న తెర వంక చూడసాగింది. చెమ్మ పుట్టించే పగులు ఉంటే ఉండేది లోపలే. అది ఇస్రాయేలుకు తెలుసు గనుక అతనింకా ఊపిరి వదలలేదు. ఆమె ఒకవైపు చూసింది, రెండో వైపు చూసింది, అనుమానం వచ్చినట్టు వెనక్కి వచ్చి మళ్ళీ చూసింది.

ఉమ ఆ ముక్కను తుడిచి పెట్టెలో పెట్టింది.

"మంచిగున్నది అన్నా. లోపల, బయట, ఏడా ఏం లేదు. కంపెనీ అతుకుల్ల గూడ గింత సాపుగ కనబడదు." మొదటిసారి నవ్వింది. "మీ పెంక గట్టిదే."

ఇస్రాయేలు లేచి నిలబడ్డాడు. మళ్ళీ మెట్టు మీదే కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. రెండేళ్ళ భయం, ఆరు రోజుల అవమానం అన్నీ ఆ ఏడుపులో కరిగి కారిపోయాయి. ఇందాక నవ్వినవాడే వచ్చి వీపు తట్టి, టీ గ్లాసు చేతిలో పెట్టాడు. ఆ టీ అంత తియ్యగా ఎప్పుడూ లేదనిపించింది ఇస్రాయేలుకు.

గ్లాసు చేతిలో ఉండగానే లలితమ్మ కోసం చూశాడు. ఆమె చిన్న తలుపు దగ్గరే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాడు. అయితే ఆమె చూస్తున్నది అతన్ని కాదు. మూడో చెవినీ కాదు. దాని పక్కదాన్ని.

"ఇగ అయిపోయినట్టే కదా మేడమ్?" మహేశ్వర్ మొహం కూడా వెలిగింది. రిజిస్టరు సంగతి ఇంతటితో మరుగున పడుతుందని ఆశ. "అనుమానమున్న చెవి పాసైంది. ఇగ మోటారు లేపుదాం."

"మరి చప్పుడు ఎవరు చేసిండ్రు సార్?"

మహేశ్వర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగు గొలుసులు కట్టినా బరువు నాలుగిటికీ సమంగ పడదు," అంది ఉమ. "ఒకటి జర వదులుంటే చాలు, ఎదురుబొదురు రెండే మోస్తయ్. గందుకే లెక్క రాసేటప్పుడు నాలుగు చెవులున్నా రెండే ఉన్నయనుకొని రాస్తం. అట్ల రాసినంక ఒక్కటి పోతే ఏమైతదో చెప్పుండ్రి."

మోటారు లేవగానే, పంపు బాగుచేయడానికి దాని కింది ముప్పై అడుగుల గోతిలోకి దిగవలసినవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో ఇస్రాయేలు ఒకడు.

మొదటి చెవి తెల్లగా ఉంది. రెండోదీ అంతే. జనానికి ధైర్యం వచ్చి మాటలు పెరిగాయి. ఇస్రాయేలు కూడా లేచి, ఎర్ర రంగు తుడిచే గుడ్డలు అందిస్తున్నాడు. ఉమ నాలుగో చెవి దగ్గరికి వచ్చి గ్రైండర్ పెట్టబోయి, బొటనవేలితో రంగును తడిమి చూసి ఆగింది.

"ఈడ రంగు మందంగున్నదేంది?"

గ్రైండర్ పక్కన పెట్టి, రంగు కరిగే మందు గుడ్డకు పోసుకుని ఓపిగ్గా రుద్దింది. పసుపు పచ్చ పొరలు పొరలుగా ఊడి వచ్చింది. దాని కింద ఇనుము లేదు, నల్లటి ముద్ద ఉంది. నీళ్ళు కారే పైపులకు పెట్టే ముద్ద. రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి, తడి చేత్తో అతికిస్తే రాయిలా గట్టిపడుతుంది. ఊరూరా పైపుల షాపుల్లో దొరికేదే. ఉమ స్క్రూడ్రైవర్‌తో ఆ ముద్ద ఒక కొస పెకలించింది. కింద అతుకు వెంట జానెడు పొడుగు పగులు, అంచుల్లో తుప్పు. ఎర్ర రంగు అవసరం కూడా లేకపోయింది.

గుంపులోంచి "యేసయ్యా" అని ఒకరు, "ఓరి దేవుడా" అని ఇంకొకరు అన్నారు. గోతిలోకి దిగవలసిన నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పోయిన వారం క్రేను ఇంకో రెండు అడుగులు లేపి ఉంటే! అది తలుచుకుని ఒళ్ళు జలదరించింది, తలుచుకునేందుకు బతికే ఉన్నామన్న సంగతి గుర్తొచ్చి ప్రాణం కుదుటపడింది. ఒకడు ఉమ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోబోతే ఆమె గబుక్కున చేతులు లాక్కుంది.

"గేటుకు గుద్దిన దినమే ఇది గూడ దెబ్బ తిన్నట్టున్నది," అన్నది. "వంగింది కనబడ్డది, కొత్తది పెట్టిండ్రు. పగిలింది కనబడలే. పానాలు దక్కినయ్, గదే సంతోషం." మరుక్షణం ఆమె గొంతు మారింది. "కానీ గీ పగులు ఒకరికి కనబడ్డది. చూసి, ముద్ద పెట్టి, రంగేసి దాచిండ్రు. ఎవరు?"

మహేశ్వర్ కూడా నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నా మీద ఒట్టు మేడమ్, నాకు తెల్వదు." ఆ ఒక్క మాట మాత్రం అతను అబద్ధం ఆడడం లేదని అందరికీ తెలిసిపోయింది.

ఇస్రాయేలు వంగి నల్ల ముద్దను దగ్గరగా చూశాడు. వెల్డర్ కళ్ళు కదా, ఏ పని ఎవరి చేతిదో వెతకడం అలవాటు. తడి వేళ్ళతో తట్టి తట్టి చదును చేసిన గుర్తులు వరసగా ఉన్నాయి. మగవాళ్ళు ఇలా చేయరు, బొటనవేలితో నొక్కి లాగేస్తారు. ఇది రొట్టె తట్టిన తీరు. చూపుడు వేలి గుంట ఉంది, ఉంగరపు వేలిది ఉంది, చిటికెన వేలిది ఉంది. నడుమ వేలు ఉండవలసిన చోట మాత్రం నొక్కుడు పడక సన్నటి గట్టు మిగిలిపోయింది. ప్రతి తట్టులోనూ అదే గట్టు.

బొంబాయిలో ఇటుకలు మోసేటప్పుడు నడుమ వేలు విరిగి, సరిగా అతకక, ఎప్పుడూ పైకి లేచే ఉండే చెయ్యి ఒకటి అతనికి తెలుసు. ఆ చేత్తో తట్టిన జొన్నరొట్టెల మీద నడుమ ఆ గట్టు ఉంటుంది. అతను ఇరవై ఏళ్ళుగా ఆ రొట్టెలు తింటున్నాడు.

తల ఎత్తాడు. చీపురు చిన్న తలుపు దగ్గర నేల మీద పడి ఉంది. లలితమ్మ వచ్చి అతనికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

"దసరాకు తుడుస్తుంటే తుప్పు కారిన గీత కనబడ్డది," అంది ఆమె, ఇంకెవరూ అక్కడ లేనట్టు అతనితోనే. "నీ అతుకే పగిలిందనుకున్న. నా పెంక కాక సాలక పగిలిందనుకున్న. నిన్ను మళ్ళ బొంబాయి తోలుతరని..."

"నాది మూడోదే కదా లలితా!"

"మూడోదే అని నువ్వు చెప్తివి. నేను వచ్చేది ఏటి తలుపు కాడికెంచి. ఆడికెంచే లెక్కవెట్టిన."

ఏటి తలుపు వైపు నుంచి ఇస్రాయేలు కళ్ళతో లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. మూడోది ఇదే, నల్ల ముద్దతో, జానెడు పగులుతో. తన పేరు కాపాడాలని పెట్టిన ముద్ద కిందే తను దిగవలసిన గొయ్యి.

ఉమ మహేశ్వర్ దగ్గరి నుంచి రిజిస్టరు తీసుకుని తెరిచి, కొత్త పేజీలో తేదీ వేసింది. కిందికి వచ్చి, పేరు రాయవలసిన చోట ఆమె పెన్ను ఆగింది.

"రాయుండ్రి మేడమ్," అన్నాడు మహేశ్వర్, పొద్దుటి నుంచి మొదటిసారి నింపాదిగా. "ఏది జరిగిందో అదే రాస్తనంటిరి కదా."